కరణంగారి గొలుసుకట్టూ, కంప్యూటరు అచ్చూ

నవలలు చదివి మంచీ చెడూ చెప్పడం నాకు పాత అలవాటు. ఈసారి నా చేతికొచ్చిన గ్రంథం మాత్రం ఏ అద్దె పుస్తకాల షాపులోనూ దొరకదు. దాని పేరు అడంగల్. మూల రచయిత గ్రామ కరణం. తర్వాతి ముద్రణలకు పరిష్కర్త కంప్యూటరు. ప్రకాశకులు ప్రభుత్వంవారు. వెల స్వల్పమే గాని తిరుగుళ్ళ ఖర్చు చదువరిదే.

నవ్వొస్తోందా? నాకూ మొదట నవ్వే వచ్చింది. ఇందులో కథానాయిక మా మేనత్త కావడంతో ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అత్తది బారువ. మహేంద్రతనయ వచ్చి సముద్రంలో కలిసే ఊరు. కోటిలింగేశ్వరుడి గుడీ, దీపస్తంభమూ, ఎటు చూసినా కొబ్బరి తోటలూను. ఉద్దానం అంటే ఉద్యానవనమేనని మా మామయ్య ఇంటికొచ్చిన ప్రతి కొత్త మనిషికీ చెప్పేవాడు. అత్త తోట మామయ్యవైపుది కాదు. మా తాతగారు పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చినది. మామయ్య పోయాక ఆవిడకు అన్నీ ఆ తోటే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చెట్లలో సగానికి పైగా వేళ్ళతో సహా లేచి పడ్డాయి. "కొబ్బరిసెట్టు కొడుకుతో సమానమంటారు. ఒక్క రాత్రిలో ఎంతమంది కొడుకులు పోనారో లెక్కెట్టలేకపోన్నానే" అంది అత్త. అంతే, మరి ఏడవలేదు.

చెట్టుకింతని పరిహారం ఇస్తున్నారంటే ఆధార్ కార్డు పట్టుకుని వెళ్ళింది. తెర మీద చూసిన కుర్రాడు, "ఈ పేరుగలాయన రావాలండి" అన్నాడట. అత్త పేరు చివర ఉండవలసిన 'అమ్మ' కాస్తా కంప్యూటర్లో 'అయ్య' అయి కూర్చుంది. ఆధార్‌లో అమ్మ, అడంగల్లో అయ్య. ఈ రెండూ ఒకే మనిషి అని రుజువు చేసుకోవలసిన భారం ఆ మనిషిదేనట.

"ఓలమ్మో, ఈ వయసులో నన్ను మొగోణ్ణి సేసీసినారే గుంటా!" అని అత్త ఫోనులో అన్నప్పుడు నేను నిజంగానే పకపకా నవ్వాను. ఆ తర్వాత ఆ పని నా నెత్తిన పడింది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మూల ప్రతి చూడాలి కదా. చూపించమని అడిగితే మొదటి రెండుసార్లూ లేదన్నారు. మూడోసారి ఒక ముసలి అటెండరు జాలిపడి, ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాలు దింపి దుమ్ము దులిపాడు. "సూసీసి ఇచ్చీండమ్మా, పేజీలు గట్టిగా తిప్పకండి" అన్నాడు. ఆయన ఆ మూటలను ఎత్తుకున్న తీరు చూస్తే, పసిపిల్లని ఎత్తుకోవడం తెలిసిన మనిషి అనిపించింది. ఆ గదికి ఉన్న రక్షణ అంతా ఆ మనిషే. కిటికీకి ఒక అద్దం లేదు. సముద్రపు గాలి కాగితాలను పలకరిస్తూనే ఉంది.

ఇక గ్రంథ విమర్శకు వస్తాను. కరణంగారి శైలి గొలుసుకట్టు. కలం ఎత్తడు. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం తలకు తగిలించి, వరసంతా మల్లెమాలలా లాక్కుపోతాడు. 'మ'కూ 'య'కూ మామూలు రాతలోనే పెద్ద దూరం లేదు, ఈ రాతలో అయితే ఆ రెండూ కవలపిల్లలు. కానీ ఆ చేతికి అలవాటుపడి రెండు పేజీలు చదివామా, మూడో పేజీ నుంచి దానంతటదే పలుకుతుంది. అత్త పేరు దగ్గర నాకు అనుమానమే కలగలేదు. స్పష్టంగా 'అమ్మ'. పక్కనే పుట్టింటి పేరు, తండ్రి పేరు, తోట విస్తీర్ణం, ఎన్ని చెట్లు, ఏ నీటి ఆధారం. ఒకచోట విస్తీర్ణం తప్పు పడితే ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పైన సరైనది రాసి, పొట్టి సంతకం చేశాడు. కొట్టేసినదీ కనిపిస్తోంది, కొట్టేసినవాడూ కనిపిస్తున్నాడు. ఈ ఒక్క గుణానికి కరణంగారికి నమస్కారం పెట్టాను.

అలాగని ఆయన్ను నెత్తిన పెట్టుకోను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పుస్తకం ఊరిదైనా ఉండేది ఆయన ఇంట్లో. ఏ గడిలో ఎవరి పేరు ఎక్కుతుందన్నది ఆయన దయ. ఆ దస్త్రంలో నేను తిప్పిన పేజీల్లో ఆడవాళ్ళ పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉన్నవాళ్ళూ చాలావరకు ఫలానావారి భార్య, ఫలానావారి విధవ. మా అత్త పేరు పడిందంటే తాతగారు దగ్గర కూర్చుని రాయించి ఉంటారు. 1984లో కరణాల పద్ధతి రద్దయినప్పుడు ఈ పుస్తకాలన్నీ ఇళ్ళ నుంచి కచేరీలకు చేరవలసి వచ్చింది. చేరినవి చేరాయి. ఆ మరుసటి ఏడాదే, 1985లో, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం చట్టం తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. హక్కు ఇవ్వడం బాగుంది, దాన్ని నిలబెట్టే కాగితం మాట ఎవరైనా అప్పుడు ఆలోచించారా అని నా అనుమానం.

రెండో రచయిత కంప్యూటరు. దీని శైలి చక్కటి అచ్చు. గళ్ళు, గీతలు, అలికి ముగ్గేసిన వాకిలిలా ఉంటుంది. 2015లో మీభూమి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని అడంగల్ చూసుకోవచ్చంటే మా తమ్ముడు మెరక మీద నిలబడి సిగ్నలు పట్టుకుని మరీ చూశాడు. నేను దాన్ని తక్కువ చెయ్యను. ఒక కాగితం కోసం రోజు కూలి పోగొట్టుకుని సోంపేట బస్సెక్కవలసిన పని తప్పిందంటే అది చిన్న మేలు కాదు.

దీని దోషమల్లా ఒక్కటే, కానీ పెద్దది. పూర్వం తాళపత్రాల నుంచి కావ్యం పరిష్కరించేవారు నాలుగు ప్రతులు ముందేసుకునేవారు. తేడా ఉన్నచోట ఒకటి పైన వేసి, రెండోది అడుగున పాఠాంతరమని చూపేవారు. కంప్యూటరుకు పాఠాంతరం లేదు. గొలుసుకట్టు చదవడం రాని కుర్రాడెవరో 'మ్మ'ను 'య్య' అనుకుని కొట్టాడు. అంతటితో అదే వేదం. ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, దేన్ని చూసి కొట్టారు అన్నది కచేరీవారి లోపలి పుస్తకంలో ఎక్కడైనా ఉందేమో, రైతు చేతికిచ్చే కాగితం మీద మాత్రం ఉండదు.

కాగితం పోతుంది, కంప్యూటరైతే శాశ్వతం అని చాలామంది అనడం విన్నాను. ఇంగ్లండులో 1086లో విలియం రాజు ఊరూరా తిరిగించి ఎవరికెంత భూమి, ఎన్ని గొడ్లు ఉన్నాయో రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు. గొర్రెతోలు మీద రాసిన ఆ పుస్తకాన్ని ఈనాటికీ విప్పి చదువుకోవచ్చు. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి.వారు లక్షలాది జనం చేత తమ ఊళ్ళ ముచ్చట్లు రాయించి, ఫొటోలు తీయించి, లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. పట్టుమని పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలే కరువయ్యాయి. ఆ సమాచారాన్ని మళ్ళీ బయటికి తీయడానికి నిపుణులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ గొర్రెతోలు నవ్వుకుని ఉంటుంది.

మన పట్టుచీరల సంగతే చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. ఏటేటా తీసి, ఎండ తగలకుండా గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టాలి. కంప్యూటరు కాగితమూ అంతే. ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి ఇంకోదానికి మడత మారుస్తూ ఉండాలి. మార్చినప్పుడల్లా ఒక్క అక్షరం జారలేదని సరిచూసుకోవాలి. దానికి వేలిముద్ర లాంటి ఒక లెక్క ఉంది. ఒక చుక్క మారినా ఆ ముద్ర మారిపోయి దొంగను పట్టిస్తుంది. ప్రతులు రెండు మూడు ఊళ్ళలో వేరువేరుగా ఉంచాలి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయని మీరూ చదివే ఉంటారు. ఒకే గదిలో ఒకే ప్రతి ఉంటే, అది కాగితమైనా కంప్యూటరైనా ఒక్క అగ్గిపుల్లకు లోకువే.

అత్త తోటకు ఇంకా వెనకటి ఆధారం దొరుకుతుందేమోనని వెతకబోయి నేను నేర్చుకున్న భూగోళం వేరు. బారువ ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైనప్పుడు మన వైపు పల్లెలు విశాఖపట్నం జిల్లాకు వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో మళ్ళీ విభజన. ఊరు అంగుళం కదలలేదు, కాగితాలే కాపురాలు మారాయి. బారువ గురించిన ఒక పాత ముక్క కావాలంటే ఛత్రపురంలో అడగాలి, విశాఖలో అడగాలి, శ్రీకాకుళంలో అడగాలి, మద్రాసు ఎగ్మోరులో 1909 నుంచీ ఉన్న రికార్డుల భవనంలో అడగాలి, హైదరాబాదు తార్నాకలో అడగాలి. ఆడపిల్లకు పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండే. బారువకు అయిదు ఇళ్ళు. 1917లో ఈ తీరాన చిల్కా అనే ఆవిరి ఓడ మునిగింది. దాని శకలాలు సముద్రం అడుగున ఒక్కచోటే పడున్నాయి, కాగితాలు మాత్రం ఎక్కడెక్కడున్నాయో వెతుక్కోవాలి.

భూమి కాగితాలకైతే కనీసం తగువులాడే వారసులుంటారు. తగువులాడేవాళ్ళు లేని కాగితాల మాటేమిటి? ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఎందరు పోయారో మీరు పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. పలాసలో 2023లో దానికోసం పెద్దాసుపత్రే వచ్చింది. కానీ ఈ జబ్బు ఈ నేల మీద ఎప్పుడు మొదలైందని అడగండి, తలా ఒక ఏడు చెబుతారు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పల్లెల్లో ఇంట్లో పోయినవాళ్ళు ఆ పుస్తకాలకు ఎక్కారో లేదో, ఎక్కినా ఏ జబ్బుతో పోయారన్న గడి దగ్గర ఏం రాశారో. మా అత్త తోడికోడలు కాళ్ళూ మొహమూ వాచి పోయింది. అది ఏ ఏడో చెప్పడానికి అత్తకు ఉన్న గుర్తల్లా, ఆ ఏడు పనస బాగా కాసిందని. ఆ పాత పుస్తకాలను వరసగా పెట్టి చదవగలిగి ఉంటే వైద్యులకు ఎంత దారి దొరికేదో.

కేంద్రంవారు 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం చేశారు. కంప్యూటరు పుట్టించినదీ రికార్డేనని అందులో స్పష్టంగా రాశారు. 1892కు ముందు కాగితాన్ని, చదవడానికి పనికిరాకుండా పాడైతే తప్ప, ధ్వంసం చెయ్యకూడదనీ రాశారు. మంచి వాక్యాలే. అయితే అవి ఢిల్లీ కాగితాలకు. అద్దం లేని కిటికీ గదిలో ఎర్రగుడ్డ మూటకు అవి వినపడవు.

అత్త సంగతి చెప్పి ముగిస్తాను. అర్జీలు, అఫిడవిట్టు, కరణంగారి పేజీ జెరాక్సు, అన్నీ పెట్టగా పెట్టగా నాలుగేళ్ళకు పేరు దిద్దారు. తెర మీద ఇప్పుడు చక్కగా 'అమ్మ'. సంతోషించి, మరి ఆనాటి తిత్లీ పరిహారం మాటేమిటని అడగబోయాం. అక్కడ కూర్చున్నాయన కొత్త మనిషి, మర్యాదస్థుడే. తెరను మావైపు తిప్పి చూపించాడు. "పేరు సరిగ్గానే ఉంది కదమ్మా, అప్పుడెందుకు తీసుకోలేదు?" అన్నాడు.

ఆ తెరలో మా అత్త పుట్టినప్పటి నుంచీ ఆడదే. తప్పు జరిగినట్టు అక్కడ ఒక్క గుర్తు లేదు. ఎర్ర సిరా గీత లేదు, పొట్టి సంతకం లేదు.

నేను నోరు తెరవబోతుంటే అత్త నా చెయ్యి నొక్కి, చేతి సంచీలో నుంచి ఒక మడత కాగితం తీసింది. 2018లో ఆ మొదటి కుర్రాడు ఇచ్చి పంపిన అచ్చుకాగితం. పేరు చివర 'అయ్య', అడుగున తేదీ. వేపాకు వేసి ట్రంకుపెట్టెలో దాచిందట. ఒకటి రెండు చోట్ల సిరా వెలిసింది గాని, అక్షరాలు తెలుస్తున్నాయి.

"నాను మొగోణ్ణని మీరే రాసిచ్చినారు బాబూ, ఇదిగో" అంది.

ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, జెరాక్సు తెమ్మన్నాడు. అత్త అసలు కాగితాన్ని మాత్రం ఆయన చేతిలో ఉంచకుండా వెనక్కి తీసేసుకుంది.