కుండలీకరణాల దోషాలు: లెక్క, అన్వయం

లిస్ప్ భాషకు జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన చేశాడు. (అప్పటి మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పర్యవేక్షణలోనే డాక్టరేటు పొందారు.) ఈ భాషలో తెరిచిన కుండలీకరణాలు ఎన్నో మూసినవీ అన్నే ఉంటే ప్రోగ్రాము సరిగా ఉన్నట్లేనని విద్యార్థులు తరచుగా భావిస్తారు. ఈ అభిప్రాయం పరిశీలనకు నిలవదు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు 10 క్వింటాళ్లు, క్వింటాలు 12,000 రూపాయల చొప్పున అమ్మాడనుకుందాం. కమీషను, హమాలీ వగైరా ఖర్చులు 3,000 పోను చేతికెంత వస్తుంది?

(- (* 10 12000) 3000)

(- (* 10 12000 3000))

రెండింటిలోనూ తెరిచినవి రెండు, మూసినవి రెండు. మొదటిది 1,17,000 ఇస్తుంది. రెండవది మూడు సంఖ్యలనూ హెచ్చవేసి, వచ్చిన ఫలితాన్ని రుణసంఖ్యగా మారుస్తుంది. అంటే రైతు 36 కోట్లు బాకీ పడతాడు! యంత్రం ఏ దోషమూ చూపదు. టిక్కీల లెక్క సరిపోయినా ఒకరి లాటులోది మరొకరి లాటులో పడితే ఎంత రభస అవుతుందో యార్డు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పద్యంలో దీనినే అన్వయదోషం అంటాం.

ఇక మూయడం మరచిన సందర్భం. ఆటోకాడ్‌లోని ఆటోలిస్ప్ అప్పుడు జాబితా రూపం చెడిందని చెబుతుంది. ఫైలు చివరిదాకా చదివినా జాబితా ముగియలేదని దాని భావం. తప్పు బయటపడింది చివరనే గాని, జరిగింది అక్కడ కాకపోవచ్చు. చివర ఒక కుండలీకరణం తగిలిస్తే ఫిర్యాదు ఆగుతుంది, దోషం లోపలే ఉండిపోతుంది. పూర్వం ఇంటర్‌లిస్ప్‌లో ఒక్క చదరపు బ్రాకెట్టు పెడితే తెరిచి ఉన్న కుండలీకరణాలన్నీ మూసుకునేవి. టైపు చేసేవారికి సుఖమే, కాని దేనిని మూయడం మరిచామో తెలియనివ్వని సుఖం అది.

ఈమాక్స్ లిస్ప్ కరదీపిక చూపిన మార్గం ఇంతకంటే మేలైనది. మొదట దోషమున్న నిర్వచనాన్ని గుర్తించాలి. దాని చివర తాత్కాలికంగా కావలసినన్ని కుండలీకరణాలు చేర్చి, నిర్వచనం మొదట నిలబడి కంట్రోల్-మెటా-క్యూ నొక్కితే, వరుసల ఎడమ అంచులు కుండలీకరణాల ప్రకారం మళ్లీ అమరుతాయి. ఏ వరుస నుంచి జరిగాయో ఆ పరిసరాల్లోనే దోషం ఉండే అవకాశం ఎక్కువ. చూసిన తర్వాత ఆ మార్పును రద్దు చేసుకోవాలి. ఎడమ అంచు రచయిత ఉద్దేశాన్ని చెబుతుంది, కుండలీకరణం యంత్రం గ్రహించిన అర్థాన్ని చెబుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ పద్ధతిలోని బలం. జరిగిన చోటే తప్పు ఉందని తీర్మానించవద్దని, కోడును చదివి నిర్ధారించుకోమని కరదీపిక హెచ్చరించడం కూడా మెచ్చదగినది.

అయితే ఇది పాత అంచులను సాక్ష్యంగా నమ్ముతుంది. 2014లో వచ్చిన 24.4 కూర్పు నుంచి ఈమాక్స్ కొత్త వరుసకు వెళ్లినప్పుడల్లా అంచును తానే సర్దుతోంది. తప్పు అప్పటికే జరిగి ఉంటే తరువాతి వరుసలు దానికి అనుగుణంగానే అమరుతాయి. అప్పుడు మళ్లీ అమర్చినా ఏ వరుసా కదలదు. కనుక టైపు చేస్తున్నప్పుడే, అనుకున్న చోటుకు రాని వరుస కనిపిస్తే స్పేస్ కొట్టి సరిచేయకుండా, దాని పై వరుస చివర కుండలీకరణాలను చూడాలి.