‘వల్ల’ అని రాయాల్సింది ఎవరు?

అరికాళ్లలో మంటలని వచ్చిన రోగి. మందుల పట్టికలో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్. డాక్టరు నోట్‌లో ‘డయాబెటిస్, పాలీన్యూరోపతి’ అని రెండే మాటలు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు చదివి జబ్బులకు కోడ్‌లు వేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి చార్టుకు నేను ఈ09.42 అనే కోడ్ వేశాను. అంటే మందుల వల్ల వచ్చిన షుగర్, దానివల్ల నరాల జబ్బు. స్టెరాయిడ్ షుగర్ పెంచుతుందని చదువుకున్నాను మరి.

‘స్టెరాయిడ్ వల్ల అని డాక్టరు ఎక్కడ రాశారో చూపించమ్మా’ అన్నారు ఆడిటర్. ఎంత వెతికినా ఆ మాట లేదు.

2015 అక్టోబరు 1 నుంచి అమెరికాలో అమలవుతున్న జబ్బుల కోడ్‌ల పద్ధతి ఐసీడీ-10-సీఎం ఈ ‘వల్ల’ను రెండు రకాలుగా చూస్తుంది. షుగర్, పాలీన్యూరోపతి రెండూ రికార్డులో ఉంటే, కారణం వేరని డాక్టరు రాయనంతవరకు రెంటికీ సంబంధం ఉన్నట్టే లెక్క. మందుకూ షుగర్‌కూ మధ్య మాత్రం ఆ వెసులుబాటు లేదు. రకం రాయని షుగర్ టైప్ 2 కిందికి, ఈ11లోకి పోతుంది. మందు వల్లేనని డాక్టరు రాస్తేనే ముందు ఈ09.42, దాని వెనక స్టెరాయిడ్ దుష్ప్రభావానికి టీ38.0ఎక్స్5తో మొదలయ్యే కోడ్.

లింఫోమాకు ఇచ్చే చాప్ చికిత్సలో ఈ చిక్కు ఇంకా పెద్దది. అందులోని ప్రెడ్నిసోన్ షుగర్ పెంచుతుంది, విన్‌క్రిస్టిన్ నేరుగా నరాలనే దెబ్బతీస్తుంది. ఆ చికిత్స తీసుకునే రోగి కాళ్ల తిమ్మిర్లు విన్‌క్రిస్టిన్ వల్లేనని డాక్టరు తేలిస్తే కోడ్ జీ62.0 అవుతుంది. షుగర్ కోడ్‌లోకి నరాల ఊసే రాకూడదు.

అందుకే డాక్టరును అడుగుతూ క్వెరీ రాయడం ఈ పనిలో అసలైన నేర్పని నమ్ముతాను. ‘ఇది స్టెరాయిడ్ వల్లే కదా?’ అని జవాబు అందించకూడదు. స్టెరాయిడ్ మొదలైన తేదీ, అంతకుముందటి హెచ్‌బీఏ1సీ షుగర్ పరీక్ష ఫలితం లాంటి ఆధారాలు ముందుంచి, షుగర్ రకమేదో, కారణమేదో డాక్టరునే చెప్పమనాలి.

కోడ్ పని బిల్లుతో ముగిసిపోదు. స్టెరాయిడ్ ఆపాక షుగర్ దిగొచ్చిన మనిషికి రికార్డులో టైప్ 2 ముద్ర అలాగే ఉండిపోవచ్చు. తర్వాత చూసే డాక్టరు దాన్నే నమ్మవచ్చు.

డాక్టర్లూ, కారణం చెప్పే ఆ ఒక్క వాక్యం రాయండి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ రోజు టార్గెట్ తగ్గినా సరే, అనుమానం వస్తే అడగండి. డాక్టరు రాయని ‘వల్ల’ను మీరు రాయకండి.