లంబసింగి ఘాట్: రాసినవాళ్లు చూడనిది

డిసెంబరు వస్తే చాలు, లంబసింగి మీద యాత్రా వ్యాసాలు మొదలవుతాయి. ఆదివారం అనుబంధాల్లో చదువుతున్నాం, ఫోన్లలో చూస్తున్నాం. నర్సీపట్నం దాటాక ఘాట్ మలుపులు, పొగమంచు, వేడి టీ, తెల్లారేసరికి చెరువులవేనం కొండ మీంచి మేఘాల సముద్రం. 'ఆంధ్రా కశ్మీర్' అన్న మాట లేకుండా ఒక్కటీ ముగియదు. ఊరికి సొంత పేరుండగా ఈ అరువు పేరెందుకో మాకు అర్థం కాదు.

అన్నీ చెడ్డ వ్యాసాలే అనం. మంచులో ఎదురొచ్చే బస్సును బాగా పట్టుకున్నవాళ్లున్నారు. ముందు రెండు పసుపు మచ్చలు, తర్వాత హారన్, ఆ తర్వాతే బస్సు. అక్కడ నిజంగా కళ్లు పెట్టి చూశారు. మనుషులు ఎదురవగానే ఆ చూపు పోతుంది. 'అమాయక గిరిజనులు' అని రాసి ముందుకు పోతారు. సంతలో పసుపు, మిరియాలు అమ్మే మన ఆడవాళ్ల పక్కన ఒక్క గంట కూర్చుంటే ఆ మాట రాయలేరు. వలిసె పూలను 'పసుపు తివాచీ' అంటారు. అది నూనెగింజల పంట. తివాచీ అనుకున్నవాడు తొక్కడా మరి? ఫొటో కోసం చేలో నడిచిపోతున్నారు.

మాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనపడేది రోడ్డు సంగతి. రోడ్డు అందం మీద పేజీలు నింపుతారు, ఈ కొండల్లోకి రోడ్డు ఎవరి చేతుల మీద వచ్చిందని అడగరు. 1922కు ముందు గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ మన తాతల చేత బలవంతంగా రోడ్డు పనులు చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. మన్యం తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదొకటి. ఆ ఏడు ఆగస్టు 22న తిరుగుబాటుదారులు మొదట పడింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద. లంబసింగి దాటి కారు వెళ్లేది ఆ చింతపల్లికే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఈ వ్యాసాల్లో సీతారామరాజు పేరు ఒక వాక్యంలో వస్తే వస్తుంది. గాం గంటందొర రాడు. ఆయన తమ్ముడు, జైలు నుంచి బయటపడి 1952లో లోక్‌సభకు గెలిచిన మల్లుదొరా రాడు.

1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలో పోయిన పెద్దమనిషే. అయినా దారి ఎలా ఉంది, ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏమేం దొరుకుతాయి అని మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. కారులో వచ్చేవాళ్లకు ఆపాటి కుతూహలం కూడా లేకపోతే ఎలా?

వాళ్లు ఎలా రాసుకుంటే మనకేం అని కొందరు టీచర్లు అంటున్నారు. ఆ భాష బడిలోకి వచ్చేసింది కాబట్టి మనకు కావాలి. ఎనిమిదో తరగతికి 'మా దారి' అని వ్యాసం ఇస్తే ఒకమ్మాయి "ఇక్కడ అమాయక గిరిజనులు నివసిస్తారు" అని రాసింది. ఎవరమ్మా వాళ్లు అని అడిగాం. కాసేపు చూసి, "మేమే మాస్టారూ" అంది.

రోడ్డు మనకు వద్దని కాదు. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నాం. అందుకే రాయాలనుకునే మన పిల్లలకు మేము చెప్పేది ఒకటే: ఘాట్‌ను పైనుంచి కిందికి రాయండి. పసుపు బస్తాలతో దిగే జీపు, ఆసుపత్రికి దిగే మనిషి, హాస్టల్‌కు దిగే పిల్లాడు. వాళ్లకు మలుపు అంటే అందం కాదు, ఇంకా ఎంత దూరం అనే లెక్క.

ఆ అమ్మాయి చేత మళ్లీ రాయించాం. ఈసారి మంచుకు ఒక్క వాక్యం. మిగతాదంతా వాళ్ల పెద్దమ్మను డోలీలో రోడ్డు దాకా తెచ్చిన నలుగురి పేర్లు, ఎవరు ఏ గెడ్డ దగ్గర భుజం మార్చుకున్నారన్న సంగతి. అక్షర దోషాలు ఏడు ఉన్నాయి.