దోషములను దిద్దు సంకేతములు – రావుగారి పాలు ఎంత?

వార్త దారిలో చెడినను, అందుకొన్నవారు దానిని తామే సరిదిద్దుకొనగల సంకేతముల కథను సాధారణముగా అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన వ్యాసముతో మొదలుపెట్టుదురు. దీనికి విరుగుడుగా, 1947లోనే మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు వానిని కనిపెట్టినారనుటయు సులభమే. మొదటిది అసంపూర్ణము, రెండవది అతిశయోక్తి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రావుగారి యెదుట ఉన్నది వార్తల సమస్య కాదు, ప్రయోగముల సమస్య. పినపాకలోని ఒక పత్తిచేనును ఊహించుకొందము. విత్తనము, ఎరువు, సాళ్ల ఎడము మొదలైన 7 అంశములను రెండేసి రీతులుగా పరీక్షింపవలెను. అన్ని కలయికలకు 128 మడులు కావలెను. ఒక అంశము ప్రభావము మరొకదానిపై ఆధారపడదనుకొన్నచో 8 మడులు చాలును. అంతకు తగ్గరాదని రావుగారి హద్దు చెప్పుచున్నది: అంశములకు 7, మొత్తపు సగటునకు 1.

ఇక హామింగ్ ప్రశ్న. సున్నలు, ఒకట్లతో కూడిన 7 అంకెల వార్తలో ఒకటి తారుమారైన, అది ఏదో ఎట్లు తెలియును? తప్పునకు చోట్లు 7, తప్పు లేని స్థితి 1, వెరసి 8. మూడు కాపలా అంకెలు సరిగా 8 స్థితులను వేరుచేయగలవు. మిగిలిన 4 అంకెలు వార్తకు.

ఈ రెండు 8లు కాకతాళీయములు కావు. సాగు రీతులను 0, 1 అని గుర్తించి ఆ 8 మడులను తగిన విధముగా వరుసలుగా వ్రాసినచో, హామింగ్ సంకేతములోని ప్రతి పదమునకు, ప్రతి వరుసకు ఉమ్మడిగా ఒకట్లు పడు చోట్ల సంఖ్య ఎల్లప్పుడును సరిసంఖ్యయే. ఈ సరి తప్పుటయే దోషమును పట్టియిచ్చును.

కలకత్తాలోనే పనిచేసి తరువాత అమెరికా వెళ్ళిన రాజచంద్ర బోస్, 1960లో రాయ్‌చౌధురితో కలిసి అనేక దోషములను దిద్దు సంకేతములను ప్రకటించినారు. ఫ్రాన్సులో ఒకెంగెమ్ 1959లోనే వానిని విడిగా కనుగొనియుండెను. ప్రయోగ రచనకు, సమాచార శాస్త్రమునకు గల బంధమును బోస్ 1961లో ప్రత్యేక వ్యాసముగా వివరించినారు. నేడు దుకాణములలో డబ్బు చెల్లించు క్యూఆర్ గుర్తులో, దానిని చదువు పద్ధతిని తెలుపు 15 గడులలో 5 సమాచారమునకు, 10 ఈ జాతి కాపలాకు కేటాయింపబడినవి.

కనుక రావుగారు సంకేతములను కనిపెట్టలేదు; ఆ గణితపు రెండవ ముఖమును మూడేండ్లు ముందుగా చూచినారు. ఇది చిన్న గౌరవము కాదు. తేదీలతో పోటీపెట్టుటకంటె, ఆ 8 వరుసలను విద్యార్థిచేత స్వయముగా వ్రాయించుట మేలు.