నోనజెనేరియన్: ఒక మాట పనితనం

ఎన్నికల మర్నాడు ఇంగ్లీషు దినపత్రిక తెరిస్తే ఒక ఫొటో దాదాపు ఖాయం. చక్రాల కుర్చీలో వచ్చి ఓటేసి, సిరా చుక్క వేలు చూపిస్తున్న ముసలమ్మ. కింద ‘నోనజెనేరియన్’ అని రాసి ఉంటుంది. తొంభై నిండి, నూరు నిండని మనిషి అని అర్థం. చాలామంది ఈ పొడుగాటి మాటను కంటితో దాటేస్తారు. నోటితో అనాల్సి వస్తే తడబడతారు. కానీ విప్పి చూస్తే, ఒక్క మేకు కొట్టకుండా గాడి కోసి బిగించిన పాతకాలపు తలుపులా ఉంటుంది దీని కూర్పు.

మొదట్లో వినపడే ‘నాన్’కీ నాన్‌వెజ్‌లోని ‘నాన్’కీ ఏ సంబంధమూ లేదు. నడుమ ఉన్న ‘జెనే’ జనరేషన్‌లోదీ కాదు. లాటిన్‌లో తొమ్మిది నోవెమ్, తొంభై నోనాగింటా. సంస్కృతంలోని నవ, నవతి వీటికి దూరపు చుట్టాలు. ఈ నోనాగింటా నుంచి నోనాగేనీ అని ఇంకో రూపం పుట్టింది. మాట పనితనమంతా ఇక్కడే ఉంది. లాటిన్ మాట్లాడేవాళ్ళకు ఉత్త తొంభైకి ఒక మాట, తలా తొంభై అనడానికి వేరే మాట ఉండేవి. ఇంగ్లీషుకు ఆ సదుపాయం లేదు, పక్కన ‘ఈచ్’ తగిలించుకోవాల్సిందే. మనకు మాత్రం ఇది కొత్త కాదు. నోనాగేనీ అంటే అచ్చంగా మన ‘తొంభయ్యేసి’. దానికి ‘ఆరియుస్’ చేరిస్తే తొంభై కొలత గలది అయింది. చివరి ‘అన్’ ఇంగ్లీషువాళ్ళు తగిలించుకున్నది.

ఈ కొలత మనుషుల వయసుకే పరిమితం కాలేదు. క్రీ.శ. 97లో రోమ్ నగరానికి నీటి సరఫరా అధికారిగా వచ్చిన ఫ్రాంటైనస్, ఆ వ్యవస్థ మీద రాసిన పుస్తకంలో గొట్టాల సైజులన్నీ వరసగా చెప్పాడు. పెద్ద గొట్టాలకు పేరు పెట్టింది వాటి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి. కొలిచింది వేలి వెడల్పుతో. తొంభై చదరపు వేళ్ళ గొట్టం పేరు నోనాగేనారియా. ఇవాళ పత్రికల్లో తాతలనూ బామ్మలనూ గౌరవంగా పిలుస్తున్న మాట, రోమ్‌లో ఒకప్పుడు నీళ్ళ గొట్టం సైజు!

అదే పద్ధతిలో పదికి దేనీ, అంటే పదేసి. దాని నుంచి దేనారియుస్, మొదట్లో పది ‘ఆస్’ నాణేల విలువ చేసిన వెండి నాణెం. ఆ పేరు గ్రీకుల మీదుగా మన దేశం చేరి దీనారం అయింది. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి దీనార టంకాలతో కనకాభిషేకం చేశారని చెప్పుకుంటాం కదా, ఆ దీనారమే ఇది. నోనజెనేరియన్ అనగానే బెదిరిపోయే తెలుగువాడు దాని తోబుట్టువును శతాబ్దాలుగా పలుకుతూనే ఉన్నాడు.

అరవైల వారు సెక్సజెనేరియన్, డెబ్భైల వారు సెప్టుయజెనేరియన్, ఎనభైల వారు ఆక్టోజెనేరియన్. వరస ఇలా సాగుతూ నూరు దగ్గర మాత్రం సెంటెనేరియన్ అయిపోతుంది. నడుమ ఉన్న ‘జె’ ఏమైంది? లాటిన్‌లో ముప్ఫై నుంచి తొంభై దాకా పదుల సంఖ్యలన్నిటికీ ‘గింటా’ తోక ఉంది, నూటికి లేదు. నూరేసి అనడానికి వాళ్ళ మాట సెంటేనీ. లేని తోకను అందం కోసం తగిలించలేదు. ఈ వరసలో నాకు అన్నిటికన్నా నచ్చే నిజాయితీ ఇది.

పలికేటప్పుడు బరువు ‘నే’ మీద పడాలి. మొదటి అక్షరం ‘నో’ అన్నా ‘నా’ అన్నా తప్పు లేదు. మాట ముందు ఆర్టికల్ ‘ఎ’ వస్తుంది. ‘యాన్’ అవసరమయ్యేది ఆక్టోజెనేరియన్‌కి.

వాడకంలో తెలుగువాళ్ళం జారేది లెక్క దగ్గర. మనం నడుస్తున్న ఏడుతో చెబుతాం, ఇంగ్లీషు నిండిన ఏడుతో చెబుతుంది. పుష్పక విమానం తీసిన సింగీతం శ్రీనివాసరావు 1931 సెప్టెంబరు 21న పుట్టారు. 2021 వేసవిలో ఆయనకు తొంభయ్యో ఏడు నడుస్తోందని మనం అంటే నిజమే. అదే రోజు ఇంగ్లీషులో నోనజెనేరియన్ అని రాస్తే తప్పు. ఆ సెప్టెంబరు 20 దాకా ఆయన ఆక్టోజెనేరియనే.

ఈ మాట దశాబ్దాన్ని చెప్పి సంవత్సరాన్ని చెప్పకుండా వదిలేస్తుంది. అందుకే ‘93 ఏళ్ళ నోనజెనేరియన్’ అని రాయడం శుద్ధ దండగ. సంఖ్య చెప్పేశాక మాట ఎందుకు? సంఖ్యే ప్రాణమైన చోట మాటను పక్కన పెట్టాలి. జాన్ గుడినఫ్‌కు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చేనాటికి 97 ఏళ్ళు. ఆయన్ని నోనజెనేరియన్ అంటే తప్పు లేదు గానీ ఆ ఏడు ఏళ్ళూ మింగేసినట్టవుతుంది. సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి 1913 ఆగస్టులో పుట్టి 2013 మార్చిలో, నూరుకు ఐదు నెలలు కూడా లేవనగా వెళ్ళిపోయారు. ఆ సంగతి చెప్పడానికి 99 కావాలి, ఈ మాట చాలదు.

మరి ఎక్కడ బాగుంటుంది? పేరూ వయసూ ఒకసారి చెప్పేశాక, రెండోసారి ప్రస్తావన వచ్చినప్పుడు. లేదా వయసు అంచనాగానే తెలిసినప్పుడు. లేదా ఒక గుంపును కలిపి చెప్పాల్సినప్పుడు. అదీ వ్యాసంలో ఒక్కసారే. ఒకే మనిషిని వరసగా రకరకాల మాటలతో పిలిచే విలేఖరుల అలవాటును ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లోనే ‘ఎలిగెంట్ వేరియేషన్’ అని పేరు పెట్టి మందలించారు. ‘నోనజెనేరియన్ దంపతులు’ అన్నారంటే ఇద్దరికీ తొంభై నిండి ఉండాలి. ఆయనకు 93, ఆవిడకు 88 అయితే కుదరదు. మనుషులకే వాడాలి. తొంభయ్యేళ్ళ వంతెనకు వాడితే చమత్కారం కోసం వాడినట్టే.

ఇది రాతలో రాణించే మాట. మాటల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా ‘షి ఈజ్ ఇన్ హర్ నైంటీస్’ అనే అంటారు. మనం ‘తొంభయ్యో పడిలో ఉంది’ అన్నట్టు. అందులో ‘హర్’ జారిపోకుండా చూసుకోవాలి. ‘ఇన్ ద నైంటీస్’ అంటే ఆవిడ ఇంకా 1990లలోనే ఉండిపోయిందని అర్థమొస్తుంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడతో ‘యు ఆర్ ఎ నోనజెనేరియన్’ అనడం మాత్రం ఏ భాషలోనూ మర్యాద కాదు.

మీ ఇంట్లో బామ్మగారి పుట్టినరోజుకు ఇంగ్లీషులో ఆహ్వానం వేయిస్తుంటే, అచ్చుకిచ్చే ముందు ఆవిడకు తొంభై నిండుతున్నాయో, తొంభయ్యో ఏడు మొదలవుతోందో ఒకసారి అడిగి చూడండి. మొదలవుతుంటే ఈ మాట వాడటానికి ఇంకో ఏడాది ఆగాలి.