రేకు చివర మూడు పళ్లు

మొక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను ముందు చూపించేది గడ్డిచేమంతినే. వెతుక్కుంటూ పోనక్కర్లేదు. రోడ్డు పక్కన, పొలం గట్టు మీద, రైలు కట్ట వెంట, గచ్చు పగుళ్లలో ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. పలకాకు, నల్లారం, రావణాసురుడి తలకాయ అని ఊరికో పేరు. దెబ్బ తగిలితే ఆకు నలిపి రసం పిండుకున్న చేతులు మన పల్లెల్లో ఎన్నో. ఇంతగా మనదైపోయిన ఈ మొక్క పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండాల ఉష్ణప్రాంతం. ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అన్న శాస్త్రీయ నామం 1753లో లిన్నేయస్ పెట్టింది.

పువ్వు దగ్గర మొదలుపెట్టవద్దని చెబుతాను. ముందు నేల మీద కూర్చోవాలి. కాండం పాకుతూ పోయి, కణుపుల దగ్గర వేళ్లు దించి, కొసను మాత్రం పైకెత్తుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. అంచులు రంపంలా కోసుకుని, వేలితో రాస్తే నూగు గరుగ్గా తగులుతుంది. ఆ కొస నుంచి ఆకన్నది లేని సన్నని కాడ జానెడో, అంతకు మించో లేచి, చివర ఒకే ఒక్క పువ్వు నిలబెడుతుంది. ఇక్కడికే సగం పని అయిపోయింది.

ఇప్పుడు భూతద్దం తీయండి. నడుమ పసుపు బొడ్డు, చుట్టూ లేత మీగడ రంగు రేకులు, ఎక్కువగా ఐదు. ప్రతి రేకు చివరా మూడు పళ్లుగా చీలి ఉంటుంది. నాకు ఈ మొక్కలో అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు ఇదే. పువ్వును గోటితో రెండుగా చీలిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మనం ఒక పువ్వు అనుకున్నది పువ్వుల గుంపు. అంచున ఉన్న రేకు ఒక్కోటీ ఒక ఆడపువ్వు. నడుమ కిక్కిరిసిన పసుపు గొట్టాలు ఒక్కోటీ ఆడా మగా రెండూ ఉన్న పూర్తి పువ్వు. ముదిరాక ప్రతి గింజకూ ఈకల్లాంటి కుచ్చు వస్తుంది, గాలి దాన్ని పక్క వీధికి చేరుస్తుంది.

తలనూనె కాచేవాళ్లు గుంటగలగర అనుకుని దీన్ని కోసుకుపోవడం చాలాసార్లు చూశాను. నిజమే, గుంటగలగరకూ జంట ఆకులే, గరుకు నూగే. కానీ దాని పువ్వు చిన్నది, ఆకు మొదట్లోంచి పొట్టి కాడ మీద వస్తుంది. దాని తెల్ల రేకులు దారప్పోగుల్లా సన్నగా, లెక్కకు మించి ఉంటాయి. గింజకు కుచ్చు ఉండదు. అది కాలవ గట్టు, వరి మడి లాంటి తడి చోట్ల పెరుగుతుంది. నలిపి కాసేపు ఆగితే రసం నల్లబడుతుంది.

వయ్యారిభామతో పొరపడే వీలు తక్కువ. దాని ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉండి, తెల్లటి చిట్టి పూలు గుత్తులుగా వస్తాయి. అయినా చెబుతున్నాను, ఎందుకంటే అది తగిలితే కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది.

ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు క్షణంలో వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది, చాలావరకు సరైనదే వస్తుంది. అయితే పేరు చేతికందగానే కన్ను చూడటం మానేస్తుంది. కాండం తడిమి, రేకుల పళ్లు లెక్కపెట్టి, పువ్వు చీల్చి చూసినవాళ్లకు తర్వాత పొద్దుతిరుగుడు దగ్గరా, బంతి దగ్గరా ఎవరూ చెప్పనక్కర్లేదు. అవీ ఇదే కుటుంబం, అదే గుంపు కాపురం. అందుకే పేరు చివర చెబుతాను.

ఇది కలుపు కదా, పీకేయాలా అంటే, నా పెరట్లో వయ్యారిభామను వేళ్లతో సహా తీస్తాను. గడ్డిచేమంతిని ఉంచుతాను. చిన్న పసుపు సీతాకోకలూ, నీలి సీతాకోకలూ ఎండ ఎక్కేదాకా దాని తేనె మీదే వాలుతుంటాయి.