అరుపు ఎవరిది?

1960లో వచ్చిన ‘సైకో’ ట్రైలర్ ఆరు నిమిషాలకు పైనే ఉంటుంది. హిచ్‌కాక్ మోటెల్, ఇల్లు అంతా తిప్పి హత్యలు జరిగిన చోట్లు చూపిస్తాడు, హత్యని చూపించడు. మాట మధ్యలో ఆపేసి మన ఊహకి పని పెడతాడు. ఈ నేర్పు మనం తీసుకోదగ్గదే.

చివర్లో షవర్ తెర లాగగానే ఒక స్త్రీ కెవ్వుమంటుంది. సినిమాలో అక్కడ చనిపోయేది జానెట్ లీ. ట్రైలర్‌లో అరిచింది విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. ఏ స్త్రీ అయినా ఫరవాలేదు, అరుపు ఉంటే చాలన్నమాట!

బీడీలు చుట్టే స్త్రీల మీద నేను తీస్తున్న డాక్యుమెంటరీ ట్రైలర్‌లో వెయ్యి బీడీలకి కూలెంతో దాచిపెడతాను. ఆ చేతులెవరివో మాత్రం వాళ్ళ గొంతుతోనే ముందుగా చెప్పిస్తాను. ఉత్కంఠ కూలి లెక్క మీద ఉండాలి, ఆడదాని ఏడుపు మీద కాదు.